గాజుపలక అంచున మనిషి

చిత్తూరులో బాలచంద్ర ఫొటో స్టూడియోకు రెండో తాళంచెవి ఎల్లప్ప దగ్గర ఉండేది. ఆరేళ్ళ కిందట బాలచంద్రే ఇచ్చాడు. "నేను లోపల చచ్చి పడుంటే తలుపు పగలగొట్టబాకండప్పా, మంచి టేకు" అని నవ్వాడు. సోమవారం అతను లోపల చచ్చి పడ్డాడు. తలుపు తెరిచే ఉంది. తాళంచెవితో పని లేకపోయింది.

గురువారం పొద్దున పదీ ఇరవైకి ఎల్లప్ప ఆ తాళంచెవి తిప్పాడు. వెనక రెబెకా నిలబడి ఉంది. నిన్న సాయంత్రం ఆమె కూతురు నిస్సీని పోలీసులు పట్టుకుపోయారు. నిస్సీ ఈ స్టూడియోలో పాత గాజు నెగెటివులు తుడిచి, కంప్యూటర్లోకి ఎక్కించే పని చేసేది. పెట్టెలో పన్నెండు గాజుపలకలు ఉండాలి, పదకొండే ఉన్నాయి. పలక దొంగిలిస్తూ పట్టుబడి ముసలాయన్ని నెట్టేసిందని, గచ్చుతొట్టి అంచు తలకు తగిలి అతను పోయాడని కేసు. ఈ సాయంత్రం నాలుగింటికి ఆమెను చిత్తూరు కోర్టులో మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు.

"లోపలికి రామ్మా," అన్నాడు ఎల్లప్ప.

"రాను. గడప దాటితే అది గూడా రాసుకుంటారు మీవోళ్ళు."

"మావోళ్ళు కాదు. నేను రిటైరై అయిదేండ్లయింది."

"మా నాయన్ని జీపెక్కించినప్పుడు రిటైరు కాలేదు గదా సారూ." రెబెకా గొంతు పెంచలేదు. "యాడ గొలుసు పోయినా, యాడ మోటారు పోయినా మా ముగ్గురాళ్ళపల్లెకే వచ్చినారు. మేము యాడ దొరుకుతామో నీకు బాగా తెలుసు. ఇప్పుడు నా బిడ్డ యాడ లేదో అది సూపించు. అందుకే నీ దగ్గరికి వచ్చినా. నీ మీద ప్రేమతో గాదు."

ఎల్లప్ప ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో దొంగతనం కేసు రాగానే జీపు ముందు ఆ పల్లెకు తిరిగేది. ఎందుకని అతను ఒక్కసారీ అడగలేదు. హెడ్ కానిస్టేబుల్ అడిగే ప్రశ్న కాదది.

అతను చెప్పులు విడిచి డార్క్‌రూమ్‌లోకి వెళ్ళాడు. గుమ్మం మీద బాలచంద్ర చేత్తో రాసిన అట్టముక్క ఉంది: 'చెప్పులు బయట. దుమ్ము నాకు శత్రువు.' కలెక్టరు వచ్చినా విప్పి రావలసిందే.

గది పదడుగుల పొడవు. మూల గచ్చుతొట్టి. కిటికీకి లోపలివైపు నల్ల చెక్క. సోమవారం రాత్రి వాసనకు తట్టుకోలేక పోలీసులు ఆ చెక్క తీసేశారు. అప్పటినుంచి మూడు రోజులుగా ఎండ నేరుగా నేల మీద పడుతోంది. ఎల్లప్ప గుమ్మంలోనే ఆగాడు.

నేల నల్లగా ఉంది.

బల్ల కింద నుంచి తొట్టిదాకా, విసనకర్ర విప్పినట్టు, నల్లటి చిందు. పక్కనే పింగాణీ ట్రే బోర్లాపడి ఉంది. సోమవారం రాత్రి తీసిన ఫొటోలు నిన్ననే అతను సంపాదించాడు. వాటిలో ఈ నేల తడిగా ఉంది, అంతే. నలుపు లేదు.

అతను గొంతుక్కూర్చుని వాసన చూశాడు. వెండిమందు. బాలచంద్ర ఫొటో కాయితం అంగట్లో కొనేవాడు కాదు. మామూలు కాయితానికి వెండిమందు పూసి తానే తయారు చేసుకునేవాడు, పాత దొరల కాలంలో మాదిరి. పూసేటప్పుడు అది నీళ్ళలాగే ఉంటుంది. వెలుతురు సోకితే నల్లబడుతుంది. గుడ్డకు అంటితే గుడ్డ, తోలుకు అంటితే తోలు. వారం పదిరోజులు రాయితో రుద్దినా పోదు. ఒకసారి ఎల్లప్ప చూపుడువేలికి అంటింది. ఎన్నికల సిరా అనుకుని టీకొట్టువాడు 'ఎవరికేసినావు సామీ ఓటు' అని అడిగాడు. ఆ మాటకు బాలచంద్ర పదిరోజులు నవ్వాడు.

భార్య మునిరత్నమ్మ పోయి నాలుగేళ్ళు. ఆ తర్వాత ఎల్లప్ప వారానికొకసారైనా పని లేకుండా మాట్లాడిన మనిషి బాలచంద్ర ఒక్కడే. ఆదివారం నాలుగింటికి రెండు టీలు. ఇప్పుడు ఆదివారం ఎట్లా గడపాలో అతనికి తెలియదు. అది ఆలోచించే పని కాదని తలవంచి మళ్ళీ నేల చూశాడు.

నల్లటి చిందు మధ్యలో రెండు చోట్ల నేల శుభ్రంగా ఉంది. రెండు పాదాల ఆకారం. పది వేళ్ళూ విడివిడిగా కనబడుతున్నాయి. మందు ఒలికినప్పుడు అక్కడ ఒకరు నిలబడి ఉన్నారు. ఉత్తకాళ్ళతో. పాదాలకింద నేల దాక్కుంది. పైన పడాల్సిందంతా ఆ కాళ్ళ మీద పడింది.

ఎల్లప్ప తన పాదం పక్కన పెట్టి చూసుకున్నాడు. ఆ ఖాళీ అతని పాదం కన్నా రెండు వేళ్ళ మందం పొడుగు.

"రెబెకమ్మా, నిస్సీ కాలు ఎంతుంటాది?"

"నా సెప్పులే ఏసుకుంటాది," అని ఆమె గడప అవతల నుంచి కాలు చూపించింది. ఆ ఖాళీలో ముప్పాతిక వంతు.

బాలచంద్ర కాళ్ళు కావు. షుగరుతో అతని కుడికాలి బొటనవేలు తీసేసి రెండేళ్ళయింది.

గోడమీద పలక ఉంది, బడిపిల్లలు రాసుకునేది. బాలచంద్ర ప్రతి ప్రింటుకూ టైము రాసేవాడు. ఎండలో పెట్టిన టైము ఒక గడిలో, తీసిన టైము పక్క గడిలో. 'సోమ' అని ఉంది. కింద 2.10. పక్క గడి ఖాళీ.

బాలచంద్ర పెళ్ళాన్ని బస్టాండులో మరిచిపోయి వచ్చినవాడు. ఎండలో పెట్టిన ఫ్రేమును మరిచిపోయినవాడు కాడు. ఇరవై నిమిషాలకు మిద్దె మీదికి వెళ్ళి తీసుకురావాలి. రాలేదంటే, రెండున్నరకు పైకి వెళ్ళేందుకు మనిషి లేడు.

"సోమవారం రెండూ పదికి నిస్సీ యాడుండింది?"

"నేను స్టేషన్లో నిన్ననే సెప్పినా, ఎవురూ ఇనలేదు. ఒకటిన్నరకు ఈడ నుంచి బస్సెక్కి పల్లెకొచ్చినాది. రేషన్ షాపులో ఏలిముద్ర ఏసినాది." రెబెకా రవికలోంచి నలిగిన చీటీ తీసింది. మిషన్ ముద్రించిన టైము: 2.25. ఇరవై రెండు కిలోమీటర్ల దూరం. "మళ్ళా ఆరింటికి వచ్చి ఆయన్ని సూసి, బెదిరిపోయి పరిగెత్తినాది. టీకొట్టాయన సూసింది అదే."

ఎల్లప్ప మెట్లెక్కి మిద్దె మీదికి వెళ్ళాడు. పిట్టగోడకు ఆనించి అద్దం ఫ్రేములాంటిది ఉంది. పైకి వచ్చిన పోలీసు ఎవడైనా పాత అద్దమే అనుకుని ఉంటాడు. కింద కాయితం, మీద నెగెటివు పెట్టి బిగించే ప్రింటింగు ఫ్రేము అది. మూడు రోజుల ఎండకు కాయితం బొగ్గయిపోయింది. కాయితం మీద గాజుపలక ఉంది.

పన్నెండోది. ఎవరూ దొంగిలించని పలక.

అతను క్లిప్పులు విప్పి, పలకను అంచులతో పట్టుకుని ఆకాశానికి ఎత్తాడు, గాజువైపు తనకేసి, మందుపూత అవతలికి. పోలీసు ఫొటోలు బాలచంద్రే కడిగే రోజుల్లో నేర్చుకున్న విద్య. నెగెటివులో నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది, దానికి కళ్ళు అలవాటుపడాలి. అలవాటుపడ్డాయి.

ఆ బొమ్మ అతనికి కొత్తది కాదు. ఈ జిల్లాలో చాలామందికి కొత్తది కాదు. బూడిద పూసుకున్న బక్కమనిషి, మెడలో ఎముకల దండ, చేతిలో కొడవలి, వెనక చీకటి కొండ. చీలిన ఎడమ చెవి. 'చిత్తూరు కొండల నరబలి పూజారి.' నూట ముప్పై ఏళ్ళ కిందట ఒక దొర తీశాడు. లండనులో మొదట పోస్టుకార్డయింది. తర్వాత మాసపత్రికలో ముద్రబొమ్మ అయింది. సభల్లో తెర మీద దీపపు బొమ్మగా వేస్తే ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారట. బడిపుస్తకంలో ఎక్కాక అక్కడి పిల్లలకు తూర్పుదేశం అంటే ఆ మొహమే. "వాళ్ళు మనల్ని చూసి ఫొటో తీయలేదప్పా," అనేవాడు బాలచంద్ర. "ముందే ఒకటి అనుకోని, దానికి సరిపోయే మనిషిని ఎతుక్కున్నారు." చివరికి ఆ కార్డు ఒకటి సముద్రం దాటి తిరిగొచ్చి, ఇక్కడి పోలీసు రిజిస్టర్లో అంటుకుంది. ముగ్గురాళ్ళపల్లె మొత్తాన్ని పుట్టునేరస్థులుగా రాయడానికి అదే సాక్ష్యం.

కార్డులో లేనిది పలకలో ఉంది. కొండ కొండ కాదు. రంగులు పూసిన గుడ్డ, రెండు వెదురు గడలకు కట్టింది. కింద కుట్టు ఊడి వేలాడుతోంది. పూజారి పక్కన నేలమీద మడతపెట్టిన పంచె, దాని మీద చుట్టిన తలగుడ్డ, తలగుడ్డ మీద ఇత్తడి బిళ్ళ. చెరువు నీళ్ళు పంచే నీరుగంటి బిళ్ళ అది. ఆ మనిషి పూజారి కాదు. పొలాలకు నీళ్ళు వదిలేవాడు. అంచున తెరిచిన ట్రంకుపెట్టె. పెట్టెలో ఇంకో నాలుగు ఎముకల దండలు. వాటిని అందిస్తూ ఒకాయన నిలబడి ఉన్నాడు. పొట్ట, పిలక, ఎడమ భుజం మీంచి జంధ్యం.

దొర కోసుకుని అమ్మింది మధ్యలో ముక్క మాత్రమే.

"మా తాతకు తాత," అంది వెనకనుంచి రెబెకా. గడప దాటనన్న మనిషి మిద్దె దాకా వచ్చింది. "సెవి సూసి నిస్సీ కనుక్కునింది. మా ఇంట్లో మగోళ్ళకు ఆ సెవి వస్తా ఉంటాది. పెట్టెలో అయిదు పలకల్లో ఆయనే ఉండాడంట. ఒకదాంట్లో దొంగ. ఒకదాంట్లో ఫకీరు. ఒకదాంట్లో కరువుకు సచ్చేవోడు." ఆమె పలకను ముట్టుకోలేదు. "ఏ ఒక్కదాంట్లోనూ నీరుగంటి కాదు."

కింద జీపు ఆగింది.

ఇన్‌స్పెక్టర్ చక్రధర్ మెట్లెక్కి వచ్చాడు. పదిహేనేళ్ళ కిందట కొత్త ఎస్సైగా చేరినప్పుడు పంచనామా ఎట్లా రాయాలో నేర్పింది ఎల్లప్పే. ఆ సంగతి ఇద్దరికీ ఇష్టం లేదు.

"ఏమన్నా, మళ్ళా డ్యూటీలో చేరినావా? యూనిఫారం కుట్టించేదా?"

"నీ దొంగసొత్తు ఇదో," అన్నాడు ఎల్లప్ప. "మూడు దినాలుగా మిద్దె మీద ఎండుతా ఉండాది. మెట్లెక్కే ఓపిక మీలో ఒక్కడికీ లేదా?"

చక్రధర్ పలక వైపు ఒక క్షణం చూశాడు. "మంచిది. ఆ పిల్ల దాచిపెట్టిన చోటు దొరికింది. థాంక్సన్నా."

"దాచిపెట్టేవాళ్ళు ఎండలో కాయితం మీద బిగించి, గోడ మీద టైము రాసి దాస్తారా? రెండూ పదికి పెట్టినాడు. తీయను రాలా. అప్పుడు ఆ పిల్ల ఏలిముద్ర ఇరవై రెండు కిలోమీటర్ల అవతల ఉండింది."

"స్లేటు మీద అంకె ఎవుడన్నా గీస్తాడు. రేషన్ మిషన్ టైము సరిగ్గా లేదంటే ఏమంటావు? ఆరింటికి ఆ పిల్ల పరిగెత్తడం సూసిన సాక్షి ఉండాడు నాకు."

"కింద నేల మీద మనిషి కాళ్ళుండాయి. పది వేళ్ళు. వెండిమందు కాళ్ళ మీద పడినోడు ఈ జిల్లాలో యాడో నల్లకాళ్ళతో తిరగతా ఉన్నాడు. నిస్సీ కాళ్ళు సూసినావా?"

"ఫొటోల కొట్లో మందు మరకలుండవా అన్నా? ఇడ్లీకొట్లో పిండుంటే గూడా కేసు రాస్తావా?" చక్రధర్ నవ్వాడు. నవ్వు ఆగాక గొంతు తగ్గించాడు. "సూడు. ఆ ఊరి పేరు నాకు నేర్పింది ఎవురు? దొంగతనమంటే ముందు ముగ్గురాళ్ళపల్లెకు పో సార్ అని జీపులో నా పక్కన కూర్చోని సెప్పింది ఎవురు? నువ్వు నేర్పిన పాఠమే నేను సదవతా ఉండా."

రెబెకా ఎల్లప్ప వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"తప్పు పాఠం," అన్నాడు ఎల్లప్ప.

"లేటుగా సెప్తే ఎట్లా? అయినా నీకు శ్రమ ఎందుకు, కథ అయిపోయినాది. తిరుపతి నుంచి పరాశర్ అని లాయరు ఉచితంగా వచ్చినాడు ఆ పిల్లకు. తోపులాటలో పొరపాటున పడినాడని మేజిస్ట్రేటు ముందర ఒప్పుకుంటే సెక్షన్ తగ్గుతాదని సెప్పినాడు. ఆ పిల్ల సరే అనింది. నాలుగింటికి సెప్పేస్తాది."

రెబెకా మొహం తెల్లబోయింది. "ఒప్పుకుంటాదా? సేయనిదానికా?"

"మా పల్లె పేరు సెప్తే ఎట్లా నమ్మరు, ఒప్పుకుంటేనే మేలు అనిందంట." చక్రధర్ పలక కోసం చెయ్యి చాచాడు. "తెలివైన పిల్ల."

ఎల్లప్ప పలకను అతని చేతికిచ్చాడు, రెబెకా ముందు, టైము చెప్పి. పన్నెండూ అయిదు. స్టేషన్లో ముప్పై మూడేళ్ళు పనిచేసినవాడికి కాయితం మీద టైము విలువ తెలుసు. నేలమీది పాదాలకు మాత్రం అంతకుముందే సెల్లుతో ఏడు ఫొటోలు తీసుకున్నాడు.

"నువ్వు కోర్టుకు పో," అని రెబెకాతో చెప్పాడు. "నీ బిడ్డ కంటికి కనపడేట్టు నిలబడు."

అతను పోవలసిన చోటు కింద స్టూడియో బల్లమీద దొరికింది. ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, అట్ట మీద ఆ పూజారే. రాసినాయన తిరుపతిలో రిటైరైన చరిత్ర లెక్చరరు సారంగపాణి. లోపల బాలచంద్ర చేతిరాతతో చీటీ: 'పలక సంగతి వీరికి చెప్పాను. ఒప్పుకోవడం లేదు.'

ఒంటిగంట బస్సు దొరికింది. పక్క సీటు పూతలపట్టు దాకా ఖాళీ. అక్కడ ఎక్కిన ఒకాయన కూర్చోబోయి, ఎల్లప్ప మొహం చూసి వెనక సీటుకు పోయాడు. అట్లా పోయినవాళ్ళను ఎల్లప్ప లెక్కపెట్టడం మానేసి చాలాకాలమైంది. భోజనం చేశావా అని అడిగే ఫోను రాదని తెలిసినా సెల్లు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

సారంగపాణి ఇంటి గడప ఎక్కేసరికి మూడూ పది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, నిలువు నామం, ఇస్త్రీ పంచె. హాల్లో సూట్‌కేసు తెరిచి ఉంది. శనివారం లండను ప్రయాణం. అక్కడ ఆ బొమ్మలతో పెద్ద ప్రదర్శన, మొదటి ఉపన్యాసం ఈయనది. గోడమీద కోటు, తలపాగాతో పూర్వీకుడి పటం.

"బాలచంద్ర సంగతి పేపర్లో చూశాను. మంచి పనివాడు, పాపం."

"ఆఖరుసారి ఎప్పుడు కలిసినారు?"

"కలిసి ఏడాది దాటింది. ఆదివారం ఫోన్ చేశాడు. పలక దొరికింది, మీ పుస్తకం తప్పు అన్నాడు. చూపించవయ్యా చూస్తాను అన్నాను. ఇంతలో ఇలా అయింది."

"అంటే పలక మీరు సూడలా."

"చూడలేదు."

"సోమవారం మధ్యాహ్నం?"

"ఇల్లు కదల్లేదు. రెండు నుంచి నాలుగు దాకా లండను వాళ్ళతో కంప్యూటర్లో మాట్లాడుతున్నాను. కావాలంటే వాళ్ళను అడగండి." సారంగపాణి కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడండి ఎల్లప్పగారూ, ఇరవై ఏళ్ళు ఆ ఫొటో మీద పనిచేశాను. అది లేకపోతే మన చిత్తూరు పేరు ప్రపంచంలో ఎవరికి తెలుసు?"

"ఏమని తెలుసు సామీ?"

సారంగపాణి పంచె మడత సవరించుకున్నాడు.

"నరబలి ఇచ్చేవాళ్ళ ఊరని," అన్నాడు ఎల్లప్ప. "మీరు పుస్తకం రాసినారు. మేము జీపేసుకోని పోయినాము. ఇద్దరం ఒకటే బొమ్మను నమ్మినాము. ఈ పొద్దు నేను పలక సూసినా. కొండ గుడ్డ మీద గీసింది. అంచున ఒకాయన పెట్టె తెరిచి ఎముకల దండలు అందిస్తా ఉండాడు. జంధ్యం ఉండాది. దొరకు మాటలు తర్జుమా చేసే దుబాసీ అయ్యుండాల. ఆయన మొహం..." అని గోడమీది పటం వైపు చూశాడు.

"నోరు అదుపులో పెట్టుకో!" సారంగపాణి లేచి నిలబడ్డాడు. "జంధ్యం ఉంటే బ్రాహ్మణుడైపోతాడా? కుడి భుజం మీద జంధ్యం వేసుకుని ఎవడైనా కెమెరా ముందు నిలబడతాడా? అది పితృకార్యంలో వేసుకునే తీరు. తద్దినం పెడుతున్నవాడు ఎముకలు ముట్టుకుంటాడా? వాడెవడో జంధ్యం వేసుకోవడం కూడా తెలియని వేషగాడు. ఆ పలకే బూటకం. మా ముత్తాత కాదు వాడు!"

"కుడి భుజమని నేను అనలేదే," అన్నాడు ఎల్లప్ప.

సారంగపాణి చెయ్యి తన కుడి భుజం మీదికి పోయింది.

"ఎడమ భుజం మీదే ఉండాది సామీ, ఉండాల్సిన చోటే. గాజువైపు నుంచి సూస్తే అట్ల. మందు పూసినవైపు నుంచి సూసేవాడికి అద్దంలో మాదిరి ఎడమ కుడి అయితాది. అంటే మీరు సూసినారు. పలకను పైకి మందుపెట్టి పడుకోబెట్టింటే, దాన్నే సెల్లులో ఫొటో తీసుకున్నారు."

ముసలాయన మెల్లగా కూర్చున్నాడు. తప్పు దొరికినందుకు కాదు. నాలుగు రోజులుగా ఆ కుడి భుజాన్నే నమ్ముకుని నిద్రపోయాడు. ఇప్పుడు జంధ్యం ఇటు మారింది, మొహం గోడమీది పటంలోకి వచ్చి కూర్చుంది.

"ఆదివారం చిత్తూరు వెళ్ళాను," అన్నాడు చివరకు. "ఫోన్లో తీసుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయికి చూపించాను. అంతకు మించి నాకేమీ తెలియదు. సిగ్గుపడి అబద్ధం చెప్పాను, నిజమే. కానీ ఆ పిల్ల మీద మాకు పగేమీ లేదయ్యా. మా పరాశర్ ఫీజు లేకుండా ఆమె తరఫున నిలబడ్డాడు. ఇప్పుడు కోర్టులోనే ఉన్నాడు."

పొద్దున మిద్దె మీద చక్రధర్ చెప్పిన పేరు మళ్ళీ ఎల్లప్ప చెవిలో పడింది. గోడ గడియారం మూడూ యాభై చూపిస్తోంది.

"మీ కాళ్ళు సూపించండి."

"ఏమిటి?"

"పంచె కొంచెం పైకి ఎత్తండి సామీ."

సారంగపాణి విసుగ్గా ఎత్తాడు. పాదాలు తెల్లగా ఉన్నాయి. పొట్టి పాదాలు.

"బాలచంద్ర పడిపోయినప్పుడు వెండిమందు ఒలికినాది. నెట్టినోడు చెప్పులు బయట విడిచి లోపలికి పోయినాడు. సంపేటంత కోపంలో గూడా ఆ అట్టముక్క మాట ఇన్నాడు, మన ఇండ్లలో పెరిగినోడు. మందు కాళ్ళ మీద పడితే నీళ్ళనుకున్నాడు. ఎండలోకి వచ్చినాక నల్లబడింటాది. ఎంత రుద్దినా వారం దాకా పోదు."

సారంగపాణి చేతిలో పంచె అంచు అట్లాగే ఉండిపోయింది. అతని చూపు హాలు దాటి పెరటి తలుపు దగ్గరికి, అక్కడి కొళాయి దగ్గరికి పోయింది. కొళాయి పక్కన పాదాలు రుద్దుకునే ప్యూమిస్ రాయి, సగం అరిగిన సబ్బు. ఆ చూపును ఎల్లప్ప చదివాడు. ఈ మూడు రోజుల్లో ఆ కొళాయి దగ్గర ఎవరో చాలాసేపు కూర్చున్నారు. తండ్రి అటు వెళ్ళి చూశాడు. ఏమిట్రా అని అడిగాడు. ఏదో జవాబు వచ్చింది, నమ్మాడు.

"పరాశర్ ఇంట్లో గూడా మేజోళ్ళు ఏసుకోని తిరగతా ఉన్నాడా సామీ, ఈ మూడు దినాలు?"

సారంగపాణి చేతిలోంచి పంచె అంచు జారింది.

"ఇంకో పది నిమిషాల్లో ఆ బిడ్డ చేయనిదానికి ఒప్పుకుంటాది. ఒప్పించింది మీవాడే. ఆపమని మీరు చెప్తే ఆపుతాడు. ఆయనకు ఈ లోకంలో ఎవురి మాటన్నా పట్టిందంటే మీదే."

"అవును," అన్నాడు సారంగపాణి. "నా మాట వింటాడు." ఫోను తీశాడు. నంబరు నొక్కాడు. రెండు రింగులకే ఎత్తారు. అవతల జనం గోల ఇక్కడికి వినబడుతోంది.

"నాన్నా, మన కేసు పిలుస్తున్నారు. తర్వాత చేస్తాను."

సారంగపాణి గోడమీది పటం చూశాడు. తెరిచిన సూట్‌కేసు చూశాడు. ఎల్లప్పను మాత్రం చూడలేదు.

"పరాశర్," అన్నాడు. "బూట్లు విప్పకు నాయనా. ఎవరు చెప్పినా విప్పకు."

అవతల నుంచి, చాలా నెమ్మదిగా, "పక్కన ఎవరున్నారు నాన్నా?"

లైను తెగిపోయింది.

ముసలాయన ఫోను ఒడిలో పెట్టుకుని పసిపిల్లవాడిలా ఏడవడం మొదలుపెట్టాడు. ఎల్లప్పకు జాలి వేయలేదు. అతను అప్పటికే రెబెకాకు రింగు చేస్తున్నాడు. స్విచాఫ్. కోర్టు లోపల ఉంటే అంతే. చిత్తూరు డెబ్భై కిలోమీటర్లు. ఆ ఊళ్ళో అతను ఫోను చేయగలిగిన మనిషి ఒక్కడు ఉండేవాడు, సోమవారం పోయాడు. మిగిలింది ఒకే నంబరు. ఆ నంబరుకు ఎప్పుడూ తాను చేయనని అయిదేళ్ళ కిందట ఒట్టు పెట్టుకున్నాడు.

నొక్కాడు.

"చెప్పన్నా, త్వరగా," అన్నాడు చక్రధర్, గుసగుసగా. "మేజిస్ట్రేటు ముందరికి పిలుస్తా ఉన్నారు."

"సార్," అన్నాడు ఎల్లప్ప. చక్రధర్‌ను ఆ మాట అని ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ తెలుసు. "నేను నేర్పించింది తప్పు. నిన్ను బతిమాలుకుంటా ఉండా. ఒక మనిషి బూట్లు, మేజోళ్ళు విప్పించు. అంతే. పాదాలు తెల్లగా ఉంటే రేపు స్టేషన్ ముందర నన్ను నిలబెట్టి ఏమన్నా అను."

"ఎవురివన్నా?"

"ఆ బిడ్డ తరఫున లేచి నిలబడినోడివి."

అవతల బంట్రోతు పెద్దగా పిలిచాడు. నిస్సీ పేరు, తల్లి పేరు, ముగ్గురాళ్ళపల్లె పేరు. ఎల్లప్ప ఫోను చెవికి అదిమి పట్టుకున్నాడు.

"లాయర్ గారూ," అంటున్నాడు చక్రధర్, ఫోనుకు దూరంగా, మామూలు గొంతుతో. "ఒక నిమిషం ఇట్లా రాండి."

ఆ తర్వాత బల్ల పడ్డ చప్పుడు. ఆడమనిషి అరుపు, రెబెకాదే. గచ్చు మీద పరుగెత్తుతున్న బూట్ల చప్పుడు.

ముందు ఒక జత, దాని వెనక చాలా జతలు.